కేసు పెదవి కదపరాదు

కోర్టులో నా మీద ఒక్క కేసూ లేదు. ఆస్పత్రిలో మాత్రం నేనే ఒక కేసుని. నా గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోదు, రక్తం కొంచెం వెనక్కి కారుతుంది. ఆ చప్పుడు పాఠం అప్పజెప్పినంత స్పష్టంగా ఉంటుందట. అందుకని డాక్టరీ ఆఖరి పరీక్షలప్పుడు పదకొండేళ్ళుగా నన్ను పిలిచి మంచం మీద పడుకోబెడుతున్నారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, నన్ను ప్రశ్నలడిగి, ఒళ్ళు పరీక్షించి, జబ్బేమిటో పెద్ద డాక్టరుకి చెప్పాలి. నా వాల్వుకి ఉన్న విలువ నాకు లేదు.

ఇందులో ఒక గుట్టుంది. నాలాంటి పాత కేసులకి తమ జబ్బు పేరు నోటికొచ్చు. ఆ సంగతి పిల్లలకీ తెలుసు. వచ్చి కళ్ళతోనే బతిమాలతారు. నాది మెత్తని గుండె, పైగా కారే గుండె. పెద్ద డాక్టరు అటు తిరగ్గానే చెవిలో ఊదేస్తాను. లోపల వాల్వు లీకు, పైన పేపరు లీకు.

ఆ రోజు ఎనిమిది మంది అయ్యాక తొమ్మిదోగా ఒక అమ్మాయి వచ్చింది. రెండు చెవుల వెనకా రెండు చిన్న మిషన్లు. స్టెతస్కోపుకి చెవిలో పెట్టుకునే గొట్టాల్లేవు, వాటి బదులు అరచేతిలో పట్టే ఒక తెర. ఇదేదో కాపీ సరంజామా అని నాకు గట్టి అనుమానం వచ్చింది.

"అమ్మా, ఆ చెవిలో ఎవరున్నారు?" అన్నాను.

ఆమె నా నోటి వంకే చూసి, "ఎవరూ లేరండీ, అందుకే మిషన్లు పెట్టుకున్నాను" అంది.

నర్సమ్మ నా దుప్పటి సర్దుతూ గొణిగింది. "ఆరో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది. మిషన్లతో చప్పుడు తెలుస్తుంది గానీ మాట విడిగా తెలీదు, పెదాలు చూసి పట్టుకుంటుంది. ఈ పరీక్ష గట్టెక్కితే డాక్టరు. తప్పితే ఇంక రోగుల దగ్గరికి రానివ్వరు, ల్యాబులోకి నెట్టాలని కాలేజీ కమిటీ కాచుక్కూర్చుంది."

పెద్ద డాక్టరుకి నాకంటే రెండాకులు ఎక్కువే అనుమానం. ఆమె తెరని తిప్పి చూశాడు, వెనక మూత ఊడదీసి చూశాడు, మళ్ళీ పెట్టాడు. తర్వాత తలొంచి ఫైలు తిరగేశాడు. ఇదే అదను అనుకున్నాను. ఈ పిల్లకి గొంతు కూడా అక్కర్లేదు కదా. పెదాలు మాత్రం ఆడించాను. వాల్వు. లీకు.

కళ్ళజోడు పైనుంచి రెండు కళ్ళు నా మీద వాలాయి.

"ఏంటయ్యా, ఆ పెదాలు ఆడుతున్నాయి?"

"దాహం సార్."

"దాహానికి అక్షరాలుంటాయా? సిస్టర్, ఈయనకి మాస్కు వెయ్యండి."

అమ్మాయి మొహం పాలిపోయింది. "సార్, మాస్కు వేస్తే ఆయన చెప్పేది నాకు తెలీదు. కాయితమిస్తే రాసిమ్మంటాను."

"రాతయితే ఇంకా సుఖం, జబ్బు పేరు అచ్చక్షరాల్లో రాసిస్తాడు. ప్రశ్నలొద్దు. ఒళ్ళు చూసి చెప్పు. పావుగంట."

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తనని ఇరికించడానికి నన్నక్కడ పడుకోబెట్టారనుకుందో ఏమో. కాదు తల్లీ అందామంటే నోరు మూతలో ఉంది. మేలు చెయ్యబోయి మాస్కు తగిలించుకున్నవాణ్ణి.

ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుంది. రెండో అరచెయ్యి ఎడమ రొమ్ము కింద ఆనించింది. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టింది. ముందొచ్చిన వాళ్ళు నాడి దగ్గర పది క్షణాలు కూడా ఆగలేదు. ఈ పిల్ల అక్కడే అతుక్కుపోయిందేంటని ఈసారి నాకు నా మీదే అనుమానం మొదలైంది. మూడు వారాలుగా మెట్లెక్కితే గుండె గువ్వలా కొట్టుకుంటోంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఆఖరున స్టెతస్కోపు బిళ్ళ నా రొమ్ము మీద ఆనించి, గుండె చప్పుడికి తెర మీద పడ్డ గీత చూసుకుని లేచింది.

"వాల్వు లీకు ఉంది సార్."

"అది ఈయన పెదాల మీద నాక్కూడా కనపడింది."

"ఇంకోటి కూడా ఉంది సార్. లయ తప్పింది. గుండె నిమిషానికి నూట పన్నెండు కొడుతోంది, మణికట్టుకి తొంభయ్యే అందుతున్నాయి. అదీ ఒక వరసలో లేదు. గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకి పోతే పక్షవాతం వస్తుంది. ఎప్పటినుంచో అడగాలి. మాస్కు తీయించండి."

"ఎనిమిది మంది నాడి సక్రమం అన్నారు. ఫైల్లోనూ అదే ఉంది."

"మీరు చూడండి సార్."

ఎనిమిది మందికీ నాడి బాగుంటుందని చెప్పింది నేనే. పోయినేటి ఫైల్లో మాట. వాళ్ళు ఎత్తి రాసుకున్నారు.

ఆయన విసుగ్గా నా చెయ్యి పట్టుకున్నాడు. విసుగు కాసేపట్లోనే పోయింది. రెండో చేత్తో తనే నా మాస్కు లాగేశాడు.

"ఎన్నాళ్ళుగా?"

"మూడు వారాలు సార్."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. చెబితే ఇంక కేసుగా పిలవరేమోనని."

"ఈ అమ్మాయికి? పెదాలతో గానీ, సైగతో గానీ?"

"నా పెదాలు చెప్పింది వాల్వు లీకొక్కటే సార్. రెండోది నాకు తెలిస్తే కదా చెప్పడానికి."

ఆయన నన్నూ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ఇంకా ఏదైనా దొరుకుతుందేమోనని వెతికే చూపు. దొరకలేదు. మార్కుల కాయితం మీద ఏదో వేసి, సంతకం పెట్టి, తలెత్తి ఆమెకేసి తిరిగి నిదానంగా అన్నాడు.

"నువ్వు పాసయ్యావు. సిస్టర్, ఈయన్ని పై వార్డుకి పంపండి. ఆ ఎనిమిది మందినీ ఇంటికి పోవద్దనండి."

అమ్మాయి వెళ్ళిపోలేదు. స్టూలు నా మొహానికి ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా బాబాయ్ గారూ?"

"అబ్బే, పెద్దగా లేదమ్మా."

"సరిగ్గా చెప్పండి" అంది, నా నోటి మీంచి చూపు తిప్పకుండా.