తడి మడిలో యాంటెన్నా

భవానీపురం ఆఫీసు డాబా మీద చిలకలా పలికిన రేడియో పెట్టె, ఉయ్యూరు దగ్గర కనకలక్ష్మి గారి వరిచేలో పెట్టగానే నోరు మూసుకుంది. మడిలో నీళ్ళెంత ఉన్నాయో అరగంటకోసారి ఆమె ఫోనుకు చెప్పాల్సిన పెట్టె అది. అందులోని ఫిల్టర్ కొత్త ఇంజనీరు నాగవేణి చేతి పని. పక్కనున్న సెల్ టవర్ గోలను ఆపి, పెట్టె కబురును మాత్రమే పోనిచ్చే ఆ చిన్న సర్క్యూట్ కోసం మూడు నెలలు కష్టపడింది.

"సాయంత్రం దాకా చూద్దాం నాగవేణీ. కాదంటే రెడీమేడ్ ఫిల్టరే పెట్టేద్దాం," అన్నారు సీనియర్ జయకృష్ణ గారు. మెత్తగానే అన్నారు గానీ ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచింది. యాంటెన్నా ఇంపెడెన్స్, అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర అది కరెంటుకు చూపే అడ్డు ఎంతో తెలిస్తేనే దానికి తగ్గ ఫిల్టర్ కట్టగలరు. సిమ్యులేషన్ యాభై ఓమ్‌లంది, అలాగే కట్టింది. మరి తప్పెక్కడ? సిమ్యులేషన్‌లో యాంటెన్నా కింద ఏం గీసిందో చూసుకుంది. పొడి నేల! మైలవరం పిల్ల కదా, చేను అనగానే మెట్టే గుర్తొచ్చింది. ఇక్కడేమో యాంటెన్నాకు జానెడు కింద నీళ్ళు నిలబడి ఉన్నాయి.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అని గట్టిగా నవ్వేసింది.

సిమ్యులేషన్‌లో ఆ పొడి నేల తీసి నీళ్ళు పెట్టింది. యాభై కాస్తా ముప్పైకి దిగింది! ఇంకేం, విడిభాగాల డబ్బా అందుకుంది.

"నీళ్ళెప్పుడూ ఇంతే ఉండవు కదమ్మా," అన్నారు కనకలక్ష్మి గారు. "పెడతాం, తీస్తాం."

నిజమే. నీళ్ళు పెరిగితే యాంటెన్నాకు దగ్గరవుతాయి, అడ్డూ మారుతుంది. పొడి మడి నుంచి ఆరంగుళాల దాకా అంగుళం అంగుళానికీ లెక్క తీసింది. ఏడు అంకెలొచ్చాయి. ఏ ఒక్కదానికో కాకుండా ఏడింటికీ పనికొచ్చేలా ఫిల్టర్ విలువలు మార్చింది. రెండు కెపాసిటర్లు, ఒక కాయిల్ మార్చి అతికించింది.

నాలుగింటికి కనకలక్ష్మి గారి ఫోను మోగింది. నాలుగంగుళాలు! నాగవేణి గట్టు మీద గంతేసింది. అరగంటకు మూడున్నర వచ్చింది. ఐదింటికి మూడు.

"అంకెలు జారిపోతున్నాయి. మళ్ళీ పాడైనట్టుంది," అన్నారు జయకృష్ణ గారు.

కనకలక్ష్మి గారు అప్పటికే పార భుజాన వేసుకున్నారు. "పాడవలేదండీ. నీళ్ళు పోతున్నాయి."

ముగ్గురూ పరుగెత్తారు. అవతలి గట్టులో ఎండ్రకాయ బొరియ గుండా నీళ్ళు బుడబుడమంటూ పక్క మురుగుకాలవలోకి పోతున్నాయి. కనకలక్ష్మి గారు పారెడు మట్టి వేసి తొక్కారు. నాగవేణి మోకాలి లోతు బురదలో దిగబడిపోయి, చేతులు రెండూ పైకెత్తి అరిచింది.

"నా ఫిల్టరండీ జయకృష్ణ గారూ! నా ఫిల్టర్ చెప్పింది!"