ఉచితంగా చూడబడును

కుట్టుమిషను సంచిని చంకన పెట్టుకుని ఒకావిడ మెట్టెక్కేలోపే మిషన్లు బాగుచేసే మేస్త్రి మనసులో సగం లెక్క వేసేశాడు. వేళ్ల చివర సూది గుచ్చుకున్న గుర్తులున్నాయి. అంటే సరదాకి కుట్టే మనిషి కాదు, ఈ మిషను మీదే ఇల్లు నడుస్తోంది. అలాంటివాళ్లు అది లేకుండా రెండు రోజులు కూడా ఉండలేరు. ఉండలేనివాళ్లకి బేరమాడే ఓపిక ఉండదు.

దుకాణం నెత్తిన బోర్డు ఉంది. "అన్ని రకాల కుట్టుమిషన్లు ఉచితంగా చూడబడును." ఆ బోర్డు రాయించడానికి పెట్టిన ఖర్చు మొదటి వారంలోనే తిరిగొచ్చింది. ఉచితం అన్న మాటకి లోపలికి వచ్చినవాళ్లలో ఉత్తచేతులతో బయటికి వెళ్లినవాళ్లు తక్కువ.

దారం తెగిపోతోందని చెప్పింది ఆవిడ. సూది తిరగేసి బిగించిందని మేస్త్రి చూడగానే కనిపెట్టాడు. అయినా వెంటనే నోరు విప్పలేదు. మూత తీశాడు, చిన్న దీపం వేశాడు, చక్రం అటోసారి ఇటోసారి తిప్పి నిట్టూర్చాడు. ఆ తరవాత ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. కింది దారం పట్టే షటిల్ అరిగింది, స్ప్రింగ్ పట్టు వదిలింది, బెల్టు ఎండిపోయింది.

"ఇంకో నెల ఇలాగే నడిపితే మోటారు కూడా పోతుందమ్మా. నాకు తోచింది చెప్పాను, తరవాత మీ ఇష్టం," అన్నాడు.

ఆవిడ ముఖం వాడిపోయింది. చేయమంది. మేస్త్రి సూది సరిగ్గా తిప్పి పెట్టాడు, నాలుగు చుక్కల నూనె వేశాడు, షటిల్ మార్చాడు. తీసిన షటిల్ నిక్షేపంలా ఉంది. బల్ల కింద ఉన్న పాత బిస్కెట్ల డబ్బాలో అది టక్కున పడింది. నాలుగు రోజులు పోయాక అదే షటిల్, తుడిచి కాగితం చుట్టుకుని, ఇంకో మిషనులోకి కొత్తదై వెళుతుంది.

ఇది దొంగతనమని మేస్త్రి ఏనాడూ అనుకోలేదు. మిషను బాగైందా లేదా, ఆవిడ సంతోషంగా వెళ్లిందా లేదా, అంతే. భయపడ్డ మనిషి ధర అడగదన్నది అతను ఇరవై ఏళ్లలో నేర్చుకున్న చదువు. ఆ చదువు మీద ఇల్లు కట్టాడు. తనని మాత్రం ఎవరూ మోసం చేయలేరని నలుగురిలో చెప్పుకునేవాడు.

ఆ ఇంటి ముందుగదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. అది భార్యది. ఆవిడ తొమ్మిదేళ్లుగా కుట్టుపూల నమూనాలు గీస్తోంది. మెడ చుట్టూ పాకే తీగలు, చేతి అంచుకి మొగ్గలు, పిల్లల గౌన్లకి పిట్టలు. మొదట కాగితం మీద గీసేది. తరవాత కంప్యూటర్లో గీయడం నేర్చుకుంది. అలా పోగైనవి రెండు వందల పైచిలుకు. ఈమధ్యే దుస్తులు కుట్టే ఒక పెద్ద కార్ఖానా యజమానురాలు వాటిలో నాలుగు చూసి ముచ్చటపడింది. సోమవారంలోగా కనీసం వంద పంపమంది. తన పనివాళ్లకి నచ్చితే నెల జీతం మీద కార్ఖానాలో కుర్చీ వేస్తానంది. ఆ కుర్చీ కోసం ఆవిడ నమూనాలన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌కే తగిలించి ఉంచింది. చేసిన పని చూసి ఎవరైనా పేరు పెట్టి పిలిచే రోజు తన జన్మలో వస్తుందని ఆవిడ అనుకోలేదు మరి.

గురువారం మధ్యాహ్నం తెర మీద ఎర్రటి డాలు బొమ్మ ఒకటి లేచింది. కంప్యూటర్ ప్రమాదంలో ఉందట. మూడు వందల పన్నెండు చోట్ల చీడ పట్టిందట. మూసేస్తే మళ్లీ లేచింది. మరే ప్రోగ్రామూ తెరుచుకోలేదు. తెరవబోతే, అందులోనూ చీడ ఉందంటూ ఆ డాలే అడ్డం వచ్చింది.

భార్య కేకేస్తే భోజనం మధ్యలో లేచి వచ్చాడు మేస్త్రి. తెర చూసి నేరుగా ఆవిడ వైపు తిరిగాడు.

"ఎక్కడెక్కడి పూలబొమ్మలో దింపుకుంటుంటే చీడ పట్టక ఏం పడుతుందే?"

"అవి నేను గీసుకున్నవండీ. దింపుకున్నవి కావు. వీధి చివర జిరాక్స్ షాపు అమ్మాయిని పిలుద్దాం, తనకి ఇవన్నీ తెలుసు."

మిషన్ల మీద బతికేవాడి ఇంట్లో మిషను చూడ్డానికి బయటివాళ్లు రావాలా అన్నాడు మేస్త్రి. నువ్వు దాన్ని ముట్టుకోకు, చేసింది చాలు అని ఆవిడని లోపలికి పంపేశాడు.

డాలు కింద ఒక మీట ఉంది. డబ్బు కడితే మొత్తం శుభ్రం చేస్తానంటోంది. మేస్త్రి కార్డు తీసి అంకెలు కొట్టాడు. ఎర్రడాలు పచ్చగా మారింది. చూశావా అన్నట్టు వంటింటి వైపు ఓ చూపు విసిరి దుకాణానికి వెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి డాలు మళ్లీ ఎర్రబడి ఉంది. చీడ లోతుగా ఉంది, దానికి వేరే మందు, వేరే ధర అంది. అదీ కట్టాడు. శుక్రవారం పొద్దున మూడోసారి అడిగింది.

ఇక కట్టలేదు. తన తెలివి మీద తనకి నమ్మకం. చెడిన భాగమేదో తెలిస్తే దాన్ని పీకి పారేయొచ్చు, శుభ్రం చేయడానికి ఇంకొకడెందుకు? చీడ పట్టిన ఫైళ్ల జాబితా తెర మీదే ఉంది. పైనుంచి కిందికి చదివాడు. సగానికి పైగా భార్య పూలే. "మెడతీగ నలభై, ప్రమాదం." "పిట్టల జంట, ప్రమాదం." చివర పెన్ డ్రైవ్ పేరు కూడా ఎర్రగానే ఉంది.

ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. మేస్త్రి పూల ఫోల్డరు మొత్తం చెరిపేశాడు. దానికి మాత్రం డాలు అడ్డం రాలేదు. చెరిపినవి వెళ్లి పడే చెత్తబుట్టనీ ఖాళీ చేశాడు. పెన్ డ్రైవ్ లాగి, పట్టకారుతో విరిచి, ఆ ముక్కలు తీసుకెళ్లి వీధి కుండీలో పడేశాడు. బల్ల కింది డబ్బాలోకి మంచి భాగాల్ని పంపడమే తెలిసిన చేతులు, జీవితంలో మొదటిసారి ఒకదాన్ని నిజంగా చెడిందని నమ్మి విరిచాయి.

డాలు మాత్రం పోలేదు. చీడల సంఖ్య మూడు వందల నలభైకి పెరిగింది.

ఆవిడ వచ్చింది. తెర ముందు కూర్చుని చాలాసేపు వెతికింది.

"ఏమండీ, నా పూలేవీ?" అంది.

అతను చెప్పాడు. ఆవిడ చెప్పులేసుకుని వెళ్లి జిరాక్స్ షాపు అమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది.

ఆ అమ్మాయి ముందు ఇంటర్నెట్ తీగ పీకింది. అవసరమైన ప్రోగ్రాములు తప్ప మరేవీ లేవకుండా కంప్యూటర్‌ని మళ్లీ మొదలుపెట్టింది. తను తెచ్చుకున్న శుభ్రం చేసే ప్రోగ్రాంని నడపబోతే ఆ దొంగ డాలు దాని పేరు పసిగట్టి ఆపేసింది. అమ్మాయి పేరు మార్చి మళ్లీ నడిపింది. ఈసారి నడిచింది. ఒకచోట పీకేస్తే ఇంకోచోట దాచుకున్న నకలు నుంచి అది మళ్లీ లేచింది. దాన్నీ వెతికి పట్టుకుంది. గంటన్నర గడిచాక తెర మామూలైంది.

మేస్త్రి పక్కనే నిలబడి చూస్తున్నాడు. పనిమంతుల చేయి పనిమంతులకి తెలుస్తుంది. అయినా ఒక్కటే మింగుడు పడలేదు.

"రెండుసార్లు డబ్బు కట్టానమ్మా. అయినా ఎందుకు పోలేదు?"

"కట్టారు కాబట్టే పోలేదు బాబాయ్. ఒకసారి కట్టినవాళ్లు రెండోసారీ కడతారని వాళ్ల లెక్క."

ఆ లెక్క మేస్త్రికి కొత్తదేం కాదు.

"మరి ఆ మూడు వందల పన్నెండు చీడలు?"

"ఒక్కటీ లేదు. మీ ఫైళ్ల పేర్లే తీసుకుని పక్కన ప్రమాదం అని రాసింది. ఈ కంప్యూటర్లో చెడిందల్లా, చెడిందని చెప్పిన ఆ ప్రోగ్రాం ఒక్కటే."

గోడకి ఆనుకుని ఉన్న భార్య అప్పుడు అడిగింది, అది ఎలా వచ్చిందని. అమ్మాయి వెతికి చెప్పింది. బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి, పాత కుట్టుమిషన్ల భాగాల బొమ్మలుండే పుస్తకం కోసం ఎవరో ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే వచ్చింది. మీ కంప్యూటర్ నెమ్మదించింది, ఉచితంగా చూడమంటారా అని అడిగింది. ఎవరో చూడమన్నారు.

ఆ ఇంట్లో కుట్టుమిషన్ల పుస్తకం వెతికే మనిషి ఒక్కడే. భార్య అతని వైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే కాస్త తేలికయ్యేదేమో.

చెరిపిన ఫైళ్లలో ముప్పై ఒకటి తిరిగొచ్చాయి. మిగతా వాటి చోట ఆ ప్రోగ్రాం తెచ్చిపోసిన చెత్త పేరుకుపోయింది. అమ్మాయి తనకి రావలసింది తీసుకుని, వెంటనే బ్యాంకుకి ఫోను చేసి కార్డు ఆపించమంది, పోలీసులకి కూడా ఫిర్యాదు ఇవ్వమంది.

"ఇంతవరకూ నన్నెవరూ మోసం చేయలేదన్న పేరుందమ్మా నాకు. చెబితే నలుగురూ నవ్వుతారు," అన్నాడు మేస్త్రి.

"ఈ నెలలో ఈ వీధిలో మీది నాలుగో ఇల్లు బాబాయ్. ముందు ముగ్గురూ నాతో అదే మాటన్నారు, ఎవరికీ చెప్పొద్దని. ఆ ముగ్గురిలో ఒక్కరు చెప్పినా మీరు ఆ మీట నొక్కేవాళ్లు కారు."

సోమవారం వచ్చింది. ఉన్న ముప్పై ఒకటికి, రాత్రింబవళ్లు కూర్చుని గీసిన పదహారు కలిపి పంపింది ఆవిడ. వందన్నాను కదా అంది కార్ఖానా యజమానురాలు. మాట నిలబెట్టుకోలేనివాళ్లకి కుర్చీ ఎలా ఇస్తానంది. ఆ వారంలోనే ఇంకెవరో అందులో కూర్చున్నారు. ఆవిడ మళ్లీ పాత బట్టల అంచులు మడిచి కుట్టడంలో పడింది.

కొన్నాళ్లకి మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి దుకాణానికి వచ్చి, బల్ల కింద డబ్బా తీసి పైన పెట్టింది. మూత తెరిచింది. లోపల షటిళ్లు మెరుస్తున్నాయి.

"దీని సంగతి నాకు మొదటినుంచీ తెలుసండీ. ఎవరి మిషనో కదా, మనకేం అని ఊరుకున్నాను. వీటితో వచ్చిన తిండే తిన్నాను. ఆ ఎర్రడాలు కొత్తగా ఏం చేసింది? బాగున్నదాన్ని చెడిందంది, మనం నమ్మాం. మీ దగ్గరికి వచ్చే ఆడవాళ్లూ అలాగే నమ్ముతున్నారు. వాళ్లలో ఎంతమందికి ఏ కుర్చీ పోయిందో మనం ఎప్పుడైనా అడిగామా?"

ఆవిడ వెళ్లాక మేస్త్రి నిచ్చెన వేసి బోర్డు దింపాడు.

మర్నాడు ఒకావిడ మిషను తెచ్చింది. దారం తెగిపోతోందట. మేస్త్రి సూది తిప్పి బిగించి, గుడ్డముక్క మీద కుట్టి చూపించాడు. ఏమీ చెడలేదమ్మా, డబ్బులేం వద్దు అన్నాడు.

ఆవిడ కదల్లేదు. "అంతేనా మేస్త్రిగారూ? సరిగ్గా చూశారా?"

"చూశానమ్మా. మిషను బంగారంలా ఉంది."

"మూత కూడా తీయలేదు మీరు," అంటూ ఆవిడ అనుమానంగా మిషను సర్దుకుంది. తిన్నగా వీధి దాటి, ఎదురుగా కొత్తగా తెరిచిన దుకాణంలోకి వెళ్లింది. దాని మీదా ఉచితంగా చూడబడునన్న బోర్డే. ఆ దుకాణంవాడు మూత తీశాడు, దీపం వేశాడు, నిట్టూర్చాడు. ఆవిడ ముఖం వాడిపోవడం, తల ఊపడం, సంచిలో చేయి పెట్టడం ఇవతలి మెట్టు మీదనుంచి మేస్త్రికి స్పష్టంగా కనబడ్డాయి. తీసిన షటిల్ ఆ బల్ల కింద ఎక్కడ పడిందో కూడా ఊహించగలిగాడు. అరగంట పోయాక ఆవిడ బయటికొచ్చింది. తృప్తిగా ఉంది. ఇవతలి దుకాణం వైపు మాత్రం, తప్పించుకున్నాను అన్నట్టు చూసి వెళ్లింది.

ఆ చూపు ఆవిడకి నేర్పింది తనేనని మేస్త్రికి తెలుసు. ఇరవై ఏళ్లు వీధి వీధంతటికీ భయాన్ని కొనడం అలవాటు చేసినవాడికి, నిజం ఉచితంగా ఇచ్చినా తీసుకునే మనిషి మిగలడు. ఆ అలవాటు పడ్డ ఇళ్లలో తన ఇల్లూ ఒకటని తెలిసేసరికి, చెల్లించవలసిన మూల్యం ఆ ఇంట్లోనే ఇంకెవరో చెల్లించేసి ఉంటారు.