ఒంటిచేత్తో బిగించిన మూత

"వదినా, రెండు రెక్కల యంత్రం తీసేసుకో. సగం ధరకే వస్తుంది. మూతలు నేనొచ్చి బిగిస్తాగా!" అన్నాడు క్లారీ.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. క్లారీ మా ఆయన తమ్ముడు. రైల్వే ఉద్యోగం చాలించి ఇంట్లో కూర్చున్నప్పట్నుంచీ వాడి కన్ను నేను కాచే బీరు మీద పడింది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు వీణ్ణి షాపుకి తెచ్చుకున్నాను, బుద్ధి తక్కువై. ఏం చెయ్యను, కారు నడిపేది వాడు.

జూలై అంటే మా దేశంలో నడి చలికాలం. అప్పుడు కట్టెలు చీలుస్తుంటే గొడ్డలి జారి నా ఎడమచేతి మూడు వేళ్ళు పోయాయి. రెండు రెక్కల దాంతో సీసాకి రేకు మూత వెయ్యాలంటే రెక్కలు రెండూ ఒక్కసారే, సమానంగా నొక్కాలి. ఒక పక్క బరువెక్కువైతే సీసా మెడ పుటుక్కుమంటుంది.

మా ఊరు వారిండాలో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో ఇంటి బీరు పోటీకి ఒకటే నియమం. కాచడం దగ్గర్నుంచి మూత దాకా అన్నీ పేరిచ్చినవాళ్ళే చెయ్యాలి. పద్నాలుగేళ్ళుగా నేనే చేశాను. ఇప్పుడు ఊరంతా నన్ను చూసి అయ్యో పాపం అంటోంది. పోయింది మూడు వేళ్ళే, తలకాయ కాదు!

షాపాయన పాస్కో, బల్లమీద పెట్టి ఒకే పిడితో నొక్కే యంత్రాన్ని దించి, క్లారీకి చూపిస్తూ చెప్పుకుపోతున్నాడు.

"ఏమయ్యా పాస్కో, కొనేది నేను. నా మొహం చూసి మాట్లాడు."

"అది కాదమ్మా నోరీన్, ఒంటిచేత్తో అంటే..."

"అవతలికి జరుగు."

ఖాళీ సీసా పీఠం మీద నిలబెట్టాను. పైనున్న అయస్కాంతానికి మూత అంటించి, కుడిచేత్తో పిడి కిందికి లాగాను. టక్కుమంది. గోటితో మూత తిప్పి చూస్తే కదల్లేదు. ఇంకోటి బిగించాను, మరోటి బిగించాను.

"ఇదే ఇవ్వు," అన్నాను.

క్లారీ నీళ్ళు నమిలాడు. "అయితే ఇవాళే పోసేద్దాం వదినా. రేపటిదాకా ఆగదు. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు పీపాలో చక్కెర కలిపేశాను. నీ పుస్తకం చూసి, తూచే వేశాన్లే."

సీసాల్లోకి పొయ్యబోయే ముందు కలిపే ఆ చక్కెరే బీరుకి నురగ తెచ్చేది. అదెప్పుడూ నా చేత్తోనే వేస్తాను.

"నిన్నెవడు వెయ్యమన్నాడు?"

"సాయమే కదా! ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిరా!" అని అరిచాను. షాపులో ఉన్నవాళ్ళంతా మావైపు తిరిగారు. తిరగనీ.

ఇంటికొచ్చి, సాయంత్రంలోగా ముప్పై సీసాలకీ ఒక్కదాన్నే మూతలు బిగించాను. ఒక్క మెడ విరగలేదు. క్లారీ కుర్చీలో కూర్చుని లెక్కపెడుతున్నాడు.

"శభాష్ వదినా! ఇక పోటీకి పంపడమే."

"ఇవి పోటీకి వెళ్ళవు. చక్కెర నీ చేతిది. అన్నీ పట్టుకెళ్ళి తాగు."

వాడి మొహం మాడిపోయింది. "చెంచాడు చక్కెర కోసం పద్నాలుగేళ్ళ పేరు వదులుకుంటావా?"

"ఎవరు వదులుకున్నారు? ప్రదర్శనకింకా ఏడు వారాలుంది."

పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కించాను. ఒళ్ళంతా నొప్పులు. కోపమే నన్ను నిలబెట్టింది. కొత్త బీరు కాచడానికి మాల్ట్ పాకం, అదే మొలకెత్తిన బార్లీ పాకం, డబ్బా కడుపుకి ఆనించుకుని మూత తియ్యబోతే, జారి నేలమీద పడి దొర్లింది.

క్లారీ గబుక్కున లేచాడు.

"కూర్చో," అన్నాను.

కూర్చున్నాడు. వంగి డబ్బా నేనే తీసుకున్నాను.