అచ్చొచ్చిన పెట్టె

నిర్మాత అచ్యుతరామయ్య గారి గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని డాక్టర్లు ఎడమ భుజం కింద, చర్మం లోపల చిన్న పెట్టె, పేస్‌మేకర్, పెట్టారు. పెట్టిన వారానికే ఆయన సినిమా విడుదలై ఆడేసింది. అంతకు ముందు మూడు వరసగా పోయాయి. కథ బాగుంది కాబట్టి ఆడిందని ఫిల్మ్ నగర్‌లో ఒక్కరూ అనలేదు. అంటే రాసినవాడికి పేరు రాదూ మరి. పెట్టె అచ్చొచ్చిందన్నారు.

ఇంటికొచ్చి కట్టు మార్చడానికి, రోజూ షుగరు చూడడానికి నన్ను పెట్టుకున్నారు. నా పేరు పుష్పకుమారి. మాది తెనాలి, ఉండేది బోరబండలో, ఇరవై రెండేళ్లుగా నర్సుని. మొదటి రోజే కట్టు విప్పితే కుట్ల మీద కుంకుమ బొట్టు. తుడిచేశాను. రెండో రోజు పసుపు కూడా చేరింది. కెమెరాకి పెడతారు, క్లాప్ బోర్డుకి పెడతారు, దీనికి పెట్టకపోతే అలుగుతుందనుకున్నారేమో.

"సార్, అది పచ్చిగాయం, పూజగది కాదు," అన్నాను.

"మీకు ఈ సెంటిమెంట్లు తెలీవు సిస్టరూ. మీరు చర్చికెళ్లేవాళ్లు."

చర్చిలో కూడా కుట్లకి పూజ చెయ్యరని చెప్పబోయి ఊరుకున్నాను.

రెండు నెలలకి ఆ చోటు ఎర్రగా ఉబ్బింది, జ్వరం పట్టుకుంది. కొత్త సినిమా షూటింగు చివర్లో ఆసుపత్రి ఏంటని, మందుల షాపుకి ఫోన్ చేసి యాంటీబయాటిక్స్ తెప్పించుకుని మింగారు. ఒక కోర్సు అయ్యాక ఇంకోటి. అసలే షుగరు మనిషి. చివరికి నేనూ, ఆయన భార్య సత్యలక్ష్మి గారూ కలిసి బతిమాలీ బామాలీ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

రక్తపరీక్షలో ఫంగస్ అని తేలింది. డాక్టర్ మనోజ ఓపిగ్గా చెప్పింది.

"పెట్టె మీదా, గుండెలోకి వెళ్లిన వైర్ల మీదా పొరలా పట్టేసింది సార్. యాంటీబయాటిక్స్ దీన్నేం చెయ్యవు. ఫంగస్ మందులు కూడా ఆ పొరని సాంతం పోగొట్టలేవు. మొత్తం తీసెయ్యాలి. కొన్ని వారాలు బయట తాత్కాలికంగా ఒకటి తగిలించి మందులెక్కించి, కొత్తది కుడివైపు పెడతాం."

"తీసి, శుభ్రంగా కడిగి, అదే పెట్టండి," అన్నారు అచ్యుతరామయ్య గారు.

డాక్టరు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"పోనీ, ఇరవై రోజులాగండి. సినిమా విడుదల కానివ్వండి."

"ఇరవై రోజులు మీరుంటారని నేను చెప్పలేను సార్."

సంతకం పెట్టకుండానే ఇంటికొచ్చేశారు. ఆదినారాయణ సిద్ధాంతిగారికి ఫోన్ చేస్తే, విడుదలకి ముందు ఆ పెట్టె కదపకూడదన్నారాయన. పెద్దలిద్దరూ ఒక్క మాట మీదున్నారు, ఒక్క జ్వరమే మాట వినడం లేదు. సాయంత్రానికి నూట మూడు. వణుకుతూనే పోస్టరు మీద తన పేరు సైజు సరిపోలేదని ఎవరినో తిడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. భయమూ వేసింది, అబద్ధమెందుకు.

వంటింట్లోకి వెళ్లాను. "అమ్మగారూ, ఈ ఫంగస్ ఎవరి ముహూర్తం కోసమూ ఆగదు. ఇవాళో రేపో తీయించకపోతే సార్ మనకి దక్కరు."

నలభై ఏళ్లుగా సిద్ధాంతులకి కాఫీలు కలిపిన మనిషి ఆవిడ. చేతులు తుడుచుకుని ఫోన్ తీశారు.

"సిద్ధాంతిగారూ, రేపు పొద్దున్నే దివ్యమైన ముహూర్తం ఉందండి. మీరే చూసి మా వారికి చెప్పండి. లేదంటారా, మీ మాట పట్టుకునే మా వారు పోయారని ఫిల్మ్ నగర్‌లో ఇంటింటికీ వెళ్లి నేనే చెప్పొస్తాను."

అరనిమిషంలో గ్రహాలన్నీ సర్దుకున్నాయి. మర్నాడు ఆరూ నలభైకి అమృతఘడియలట.

పెట్టె తీశారు. వారాల తరబడి మందులెక్కించారు. ఆసుపత్రి బల్ల మీదే సత్యలక్ష్మి గారి నిద్ర, తిండి, ఏడుపు. ఆ మధ్యలోనే సినిమా విడుదలై మొదటి ఆటకే పోయింది. ఈసారి మాత్రం కథ బాగాలేదన్నారు అందరూ.

కుడివైపు కొత్త పెట్టెతో ఇంటికొచ్చాక, కట్టు మారుస్తుంటే ఆయన నన్ను నిలదీశారు.

"పాతది ఉంటే ఆడేది సిస్టరూ. మీరంతా కలిసి తీయించేశారు."

నోరు ఆగలేదు నాకు. "ఉంటే నిజంగానే ఆడేది సార్. సినిమా మొదట్లోనే దండేసిన మీ ఫొటో, కింద శ్రద్ధాంజలి అని అక్షరాలు. జనం ఏడ్చుకుంటూ చూసేవాళ్లు."

కోప్పడతారనుకున్నాను. ఆయన వేళ్లు మడుస్తూ ఏవో లెక్కలు వేసుకున్నారు.

"రెండో వారం కూడా నిలబడేదంటారా?"

జావ గ్లాసుతో గుమ్మంలో ఉన్నారు సత్యలక్ష్మి గారు. ఎప్పుడొచ్చారో నేను చూడలేదు. నెమ్మదిగా వచ్చి మంచం పక్కన గ్లాసు పెట్టారు.

"నిలబడేదేనండీ," అన్నారు. "ఆ సంగతి మీకు చెప్పడానికి నేనెక్కడికి రావాలో, అదొక్కటీ చెప్పి పోయేవారా?"

ఆయన జావ తాగేశారు. ఉప్పు తక్కువైందని కూడా అనలేదు.