ఫోన్ ఎవరు పట్టుకున్నారు

మా అత్తగారు మన్నూబియాకు వారానికి మూడుసార్లు డయాలసిస్. శుక్రవారం అయ్యాక మళ్ళీ సోమవారమే. ఆ మధ్యలో ఆవిడ ఖర్జూరం ముట్టుకోకూడదు, టమాటా ముట్టుకోకూడదు. నీళ్ళు నేను కొలిచి ఇచ్చినంతే. ఆదివారం సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. సోమవారం డయాలసిస్ కుర్చీ దొరక్కపోతే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

మా ఊరు స్ఫాక్స్‌లో ఆ కుర్చీలు తక్కువ, వాటికోసం కాచుకున్నవాళ్ళు ఎక్కువ. ఎవరైనా చెప్పకుండా మానేస్తే ఆ పూట యంత్రం ఊరికే ఉండిపోతుందని డయాలసిస్ కేంద్రంవాళ్ళు ఒక యాప్ చేయించారు. ముందురోజు సాయంత్రం రోగి ఫోన్‌లో ‘రేపు వస్తారా?’ అని ప్రశ్న వస్తుంది. కింద రెండు మాటలు పక్కపక్కనే: వస్తాను, రాను. రాను అని నొక్కగానే ఆ కుర్చీ కాచుకున్నవాళ్ళలో ఒకరికి వెళ్ళిపోతుంది. వెనక్కి తీసుకోవడం లేదు. ఆ తెరను గీసింది మా ఆయన వజ్దీయే.

పని పూర్తయిన రోజు అతను దాన్ని వంటింట్లోకి తెచ్చి చూపించాడు. నేను చేప పొలుసు తీస్తున్నాను. తెరంతా తెల్లగా, విశాలంగా ఉంది. ఆ రెండు మాటలు మాత్రం పప్పుగింజల్లా ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి.

“ఇంత చోటుండగా వీటిని ఒక మూలకి ఎందుకు తోశావు?” అన్నాను.

“ఖాళీ ఉంటేనే అందం, రౌదా. సబ్బుబిళ్ళలంత బొత్తాలు పెట్టమంటావా?”

“పెట్టమనే అంటున్నాను. నేను ఉప్పుడబ్బా పక్కన సోడాడబ్బా పెట్టను. పెడితే ఏదో ఒకరోజు తప్పు చెయ్యి పడుతుంది.”

“వేలు అటూఇటూ ఖాళీలో పడినా దగ్గరున్న మాటకే పోతుంది. అంతా చూసుకున్నాంలే.”

గుమ్మం దగ్గర కూర్చున్న అత్తగారు నవ్వింది. “చిన్నప్పుడు వీడి చొక్కా బొత్తాలు నేను పెట్టాల్సొచ్చేది. ఇప్పుడు ఊరందరికీ వీడు పెడుతున్నాడు.”

“నీ చేతే నొక్కించి చూశాం కదా, ఉమ్మీ. నువ్వు తప్పు నొక్కావా? కేంద్రం హాలులో ఉన్న పెద్దవాళ్ళందరిచేతా నొక్కించాం. ఒక్కరంటే ఒక్కరు తప్పలేదు.”

ఆ రోజు నేనూ హాలులోనే ఉన్నాను. అది గుర్తు చేసుకుంటూ అడిగాను. “అప్పుడు ఫోన్ ఎవరు పట్టుకున్నారు?”

“అంటే?”

“మీ అమ్మ నొక్కుతున్నప్పుడు ఫోన్ ఎవరి చేతిలో ఉంది?”

“నా చేతిలో. పెద్దావిడ చేతిలో ఫోన్ పడేసి నొక్కు అంటామా?”

“అందరి పక్కనా ఒక కొడుకో కోడలో ఉన్నారు. అందరూ ఫోన్‌ను పళ్ళెంలా పట్టుకుని ముందు పెట్టారు. పెద్దవాళ్ళు ఒక్క వేలు ఆనించారు, అంతే. ఎవరూ లేనప్పుడు?”

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “ఇది పైవాళ్ళు ఒప్పుకున్నది. పండగ తర్వాత మార్పులుంటాయి, అప్పుడు చెప్తాను.”

ఆవిడ బదులు నేనే నొక్కుతానని అత్తగారితో చాలాసార్లు అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “నీళ్ళు నువ్వు కొలుస్తావు. ఉప్పు నువ్వు దాస్తావు. నా కుర్చీ కూడా నువ్వే అడుగుతావా, అమ్మాయ్? అది నాకు వదిలెయ్.” అందుకని సాయంత్రాలు పక్కన కూర్చుని చూసేదాన్ని.

పండగకి ముందు ఆదివారం నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆవిడ ముందు గదిలో పరుపు మీద పడుకుని ఉంది. సూదులు గుచ్చే ఎడమచేతితో బరువు పట్టుకోకూడదు. ఫోన్ కుడిచేతిలోనే ఉంది, నొక్కాల్సిందీ ఆ చేతి బొటనవేలితోనే. ఆ చెయ్యి వణుకుతుంది.

“ప్రశ్న వచ్చిందా, లల్లా?” అని అత్తగారిని కేకేశాను.

“వచ్చింది, నొక్కేశాను. థాంక్స్ కూడా చెప్పింది. నీ మొగుడికన్నా మర్యాద తెలుసు దీనికి.”

ఏది నొక్కినా అది థాంక్స్ చెబుతుంది.

సోమవారం పొద్దున మేం వెళ్ళేసరికి కిటికీ పక్కన ఆవిడ కుర్చీలో ఒక సన్నటి అమ్మాయి పడుకుని ఉంది. గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. నర్సు నజీహా మమ్మల్ని చూసి తెల్లబోయింది.

“లల్లా మన్నూబియా, మీరు రానన్నారు కదా.”

“నేనా? సోమవారం రానంటానా? నాకేం పిచ్చా?”

నేను వజ్దీకి ఫోన్ చేశాను. వెంటనే వచ్చాడు. యంత్రాలన్నీ నిండి ఉన్నాయి. అతను గొంతు పెంచాడు. నజీహా పెంచలేదు.

“ఎవరిని లేపమంటావు, బాబూ? చూపించు, లేపుతాను.”

అతను కుర్చీలవంక చూశాడు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. నిద్ర పోవడం లేదని తెలుస్తూనే ఉంది.

“సూదులు పెట్టినవాళ్ళని లేపరు,” అంది అత్తగారు. “పద, ఇంటికి. రేపు చూద్దాం.”

మర్నాటి మధ్యాహ్నానికి ఒక కుర్చీ ఖాళీ చేస్తామన్నారు. వజ్దీ ఊళ్ళో ఉన్న మిగతా కేంద్రాలన్నింటికీ వెళ్ళాడు, గాబెస్ ఊరికి కూడా ఫోన్లు చేశాడు. ఆవిడ ఏమీ తినలేదు. సాయంత్రానికి ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి తీసుకుంటోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం తీశారు, ఏవో ఎక్కించారు, యంత్రం సిద్ధం చేస్తున్నామన్నారు. సిద్ధమయ్యేలోపల గుండె ఆగిపోయింది.

మూడురోజులూ పరామర్శకి మనుషులు వచ్చిపోతూనే ఉన్నారు. వజ్దీ పైఅధికారి కూడా వచ్చాడు. కాఫీ తాగి, పాపం పెద్దావిడ పొరపాటున రానని నొక్కిందట కదా అన్నాడు. వజ్దీ లేచి వెళ్ళి బయట నిలబడ్డాడు.

ఆ వారం వజ్దీ నన్ను కేంద్రానికి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. పొద్దున్నే మొదటి విడతలో కుర్చీలెక్కబోయే రోగులు హాలులో కూర్చుని ఉన్నారు. వజ్దీ ఒక ముసలాయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“హాజ్ బెషీర్, ఇది పరీక్షకే. ఈ ఫోన్ మీరే పట్టుకుని ‘వస్తాను’ అని నొక్కండి.”

ముసలాయన పక్కనున్న కొడుకు చటుక్కున చెయ్యి చాచాడు. “నేను పట్టుకుంటాను, బాబా.”

వజ్దీ అతని మణికట్టు పట్టుకున్నాడు. “వద్దు. ఆయన్నే పట్టుకోనీ.”

“నీకు పెద్దలంటే మర్యాద లేదా? చెయ్యి చూడు, ఎలా వణుకుతోందో.”

“చూస్తున్నాను.”

ముసలాయన బొటనవేలు తెర మీద ఊగుతూ దిగింది. తెర థాంక్స్ చెప్పింది. ఆయన మొహం వెలిగింది. వేలు పడింది ‘రాను’ మీద. కుర్చీ పోయింది.

“మళ్ళీ ఒకసారి, హాజ్,” అన్నాడు వజ్దీ.

మళ్ళీ పోయింది. కొడుకు తిట్టడం మొదలుపెట్టాడు. హాలులో అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. వజ్దీ రెండో చేతిని వీపు వెనక పెట్టుకున్నాడు, అదెక్కడ సాయానికి వెళ్ళిపోతుందోనని.

“మళ్ళీ,” అన్నాడు.