వీశెన్నర ఏ బుట్టలో?

వరదానం మాట్లాడడని పెళ్లినాడే అందరూ అనుకున్నారు. దెందులూరు కుర్రాడు, బుద్ధిమంతుడు, కలకత్తాలో లెక్కలు కట్టే పెద్ద యంత్రం దగ్గర ఉద్యోగం. అన్నీ బాగానే ఉన్నాయి గాని, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం కాబోలు అని లిడియా తల్లి నవ్వింది. పెళ్లయి నెల తిరక్కుండానే అతను రైలెక్కాడు. లిడియా తాడేపల్లిగూడెం మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. ఆమె తన బడిలోనే ఉండిపోయింది.

ఏడాది తర్వాత, 1958 చలికాలంలో, అతను సెలవు పెట్టి వచ్చాడు. రెండో రోజున అన్నం తింటూ, "ఇల్లు దొరికింది. ఉద్యోగం మానేసి వచ్చెయ్యి" అన్నాడు.

అంతే. ఆపైన మాట లేదు. లిడియాకి అతనితో వెళ్లాలనే ఉంది. కాని బడి వదిలేసి, భాష తెలియని ఊళ్లో, రోజుకి నాలుగు మాటలు మాట్లాడే మనిషి కోసం గుమ్మంలో కూర్చోవడం తలుచుకుంటేనే దిగులేసింది. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ పుష్పమ్మగారు, "మీ ఆయన్ని ఓసారి తీసుకురామ్మా. ఆ యంత్రం సంగతి పిల్లలకి కాస్త చెబుతారు" అంది.

వరదానం వచ్చాడు. పిల్లల ముందు నిలబడి గాజు గొట్టాల గురించీ తీగల గురించీ ఏదో మొదలుపెట్టాడు. "యంత్రానికి ఏదిచ్చినా అది ఏ రకమో ముందే నిర్దేశించాలి" అన్నాడు. పిల్లలు కళ్లప్పగించి చూశారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. లిడియాకి జాలేసింది. హాస్టల్ వంటింట్లోంచి నాలుగు బుట్టలు తెప్పించి బల్లమీద పెట్టింది.

"ఎన్ని రకాలుంటాయండీ?"

"ముఖ్యంగా నాలుగు." బుట్టలు చూసేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. "ఇందులో పూర్ణ సంఖ్యలు. ఇందులో దశాంశాలు. ఇందులో అక్షరాలు. ఇందులో ఔను, కాదు. అంతే."

"మీ గురించి ఏదో ఒకటి చీటీమీద రాసి, దాని బుట్టలో వెయ్యండి" అంది లిడియా పిల్లలతో.

వయసులు మొదటి బుట్టలోకి వెళ్లాయి. పేర్లు మూడోదాంట్లో పడ్డాయి. ఈత వచ్చునా అన్నదానికి జవాబులు నాలుగోదాంట్లో వేశారు. కొల్లేటి లంకనుంచి వచ్చి చదువుకుంటున్న సత్యవేణి తన చీటీ గట్టిగా చదివింది. "మా అయ్య పట్టిన కొర్రమేను బరువు వీశెన్నర." చదివి మొదటి బుట్టలో వేసింది.

"ఆ బుట్టకి సగాలు తెలీవమ్మా. అందులో వేస్తే ఒక్క వీశే మిగులుతుంది" అన్నాడు వరదానం.

"మరి ఆ అర వీశె ఎవరు తిన్నారండీ?"

క్లాసంతా గొల్లుమంది. వరదానం కూడా పగలబడి నవ్వాడు. నవ్వితే అతని ఎడమ బుగ్గ సొట్టపడుతుందని లిడియాకి ఆ రోజే తెలిసింది.

"ఎవరూ తినలేదు. ఊరికే పోయింది. పోయిందని యంత్రం మనకి చెప్పను కూడా చెప్పదు. అందుకే చూసుకుని రెండో బుట్టలో వెయ్యాలి."

ఇంతలో ఎవరో తాము ఎక్కివచ్చే ఏలూరు బస్సు నెంబరు రాసిన చీటీ దగ్గర తగాదా వచ్చింది. అంకెలే గనక మొదటి బుట్టేనని సగంమంది, కాదని సగంమంది. వరదానం లిడియావైపు చూశాడు.

"రెండు బస్సుల నెంబర్లు కూడితే ఏమొస్తుంది?" అని అడిగింది లిడియా.

"ఏమీ రాదండీ."

"అయితే అది లెక్కా, పేరా?"

వెనకనుంచి ఎవరో, "పేరేనండీ. అంకెలతో రాసిన పేరు" అన్నారు. చీటీ అక్షరాల బుట్టలోకి మారింది. గంట కొట్టేదాకా వరదానం పిల్లల్ని చూడలేదు, భార్యనే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం కాలవగట్టు వెంట ఇంటికి నడుస్తుంటే తనంతట తనే మొదలుపెట్టాడు.

"మా ఆఫీసులో కొత్తవాళ్లకి ఇదంతా నేనే చెప్పాలి. నేను చెబితే నిద్రపోతారు."

"పాపం."

"నీ పనేమిటో చూడకుండానే మానెయ్యమన్నాను. అలా అనకుండా ఉండాల్సింది."

"చూశారుగా. ఇప్పుడేమంటారు?"

"నీకు వీలైనప్పుడే రా. వచ్చాక కూడా పాఠాలు చెప్పు. మా ఆఫీసువాళ్లని అడుగుతాను."

లిడియా అతని పక్కకి వచ్చి నడిచింది. "పరీక్షలయ్యాక వస్తానండీ. కాని రోజూ నాతో ఈపాటైనా మాట్లాడాలి మీరు."

"కష్టమే" అన్నాడు వరదానం. అని, ఇల్లు చేరేదాకా ఆపకుండా మాట్లాడాడు. ట్రాములో దారి తప్పడం, చలికి రెండు చొక్కాలు తొడుక్కోవడం, ఆవాలనూనె కూర నోట పెట్టలేక అరటిపళ్లతో కడుపు నింపుకోవడం, అన్నీ చెప్పాడు.

వేసవిలో లిడియా కలకత్తా వెళ్లింది. కొన్నాళ్లకి ఆ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి పాఠం చెప్పే పని ఆమెకే అప్పగించారు. బెంగాలీ రాని ఆమె, తెలుగు రాని వాళ్లకి, వచ్చీరాని ఇంగ్లీషులో నవ్వుతూ నవ్విస్తూ చెప్పుకొచ్చేది. వరదానం పని ఉన్నా లేకపోయినా వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు.