పాటలకు కాపలా

గుడి వాకిలికి రెండు పక్కలా ద్వారపాలకులు గదలు పట్టుకొని నిలబడి ఉండగా, పూజారి తలుపుకు మళ్లీ తాళం ఎందుకు వేస్తాడన్నది తిప్పేస్వామికి ఏళ్లుగా ఉన్న సందేహం. భక్తి తక్కువై కాదు. రోజూ అక్కడ దండం పెట్టుకున్నాకే సండూరు బజారులో తన పెళ్లిపత్రికల అచ్చుషాపు తెరుస్తాడు. పూజారి కోప్పడతాడని అడగలేదు, అంతే.

షాపు కంప్యూటర్లో పత్రికలు పోయినా ఆయనకు బాధలేదు. కానీ తారానగర్ దురుగమ్మవ్వ పెళ్లిళ్లలో పాడిన పాటలు అందులోనే ఉన్నాయి. ఆమె పాడుతుంటే విని ఆయనే టైపు చేశాడు. ఇప్పుడామెకు పాడే గొంతు పోయింది, ఆ పాటలు వేరెవరికీ రావు. పక్కవీధి జెరాక్సు షాపులో దొంగ ప్రోగ్రాం దూరి, ఫైళ్లన్నిటికీ తాళాలు వేసి, డబ్బిస్తేనే తీస్తానందని విన్నప్పటి నుంచి ఆయనకు అన్నం సయించలేదు.

తోరణగల్లు ఆఫీసులో కంప్యూటర్లు చూసే మేనల్లుడు శివరాజ్ ఆదివారం వచ్చి, సంగతి విని నవ్వాడు.

"ఎందుకు మామా బేజారు? దొంగ ప్రోగ్రాములను పట్టే కాపలా కంప్యూటర్తోనే వస్తాది. కావాలంటే ఇప్పుడే పరీక్ష పెడతా."

అసలు పాటలను పెన్‌డ్రైవ్‌లోకి తీసి తిప్పేస్వామి జేబులో వేశాడు. కంప్యూటర్లో నకలు ఉంచాడు. తాళాలు వేసే ఉత్తుత్తి దొంగ ప్రోగ్రాం ఒకటి తనే రాసి తెచ్చాడు. నొక్కాడు. కాపలా ఎర్రగా అరిచి దొంగను పట్టుకుంది.

"చూస్తివా? సింహం మామా, సింహం!"

ఆ సంతోషంలో తిప్పేస్వామి ఒక పాటలో తప్పు దిద్దబోయాడు. సేవ్ కాలేదు. కాపలా మళ్లీ అరిచింది. ఈసారి పట్టుకున్నది ఆయన పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను. ఎవరో సీడీలో ఇచ్చిన ఊరూపేరూ లేని సరుకది. అది లేకపోతే షాపులో ఒక్క పత్రిక కదలదు.

"అది మన ఇంటిమనిషప్పా! దాన్ని పట్టుకుంటాదేంది?"

"మొగం తెలీలేదు, అంతే." శివరాజ్ ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోల్డర్ చూపించి, ఇందులోంచి ఎవరొచ్చినా మనవాళ్లే, అడ్డుకోవద్దని కాపలాకు చెప్పాడు.

"మరి దొంగ కూడా ఈ ఫోల్డర్లోనే కూర్చుంటే?" అన్నాడు తిప్పేస్వామి, అడగవచ్చో లేదోనన్నట్టు.

"యాడ కూర్చుంటాడు మామా! వానికేం తెలుసు?" అంటూనే శివరాజ్ ఉత్తుత్తి దొంగను అక్కడికి జరిపి నొక్కాడు.

ఎవరూ అరవలేదు. మీ కంప్యూటర్ క్షేమం అంటూ పచ్చటి టిక్కు కళకళలాడుతోంది. పాటల నకలు మాత్రం మొత్తం పిచ్చిగీతలైంది. ఇంటి కోడలిని వాకిట్లో నిలబెట్టి గోత్రం అడిగిన పెద్దమనిషి, దొంగకు పీట వేసి మజ్జిగ పోసినట్టుంది.

"కాపలా తప్పు కాదు మామా. మనవాళ్లని మనమే చెప్తిమి కదా. దొంగ రెండుసార్లొస్తే ఒకసారి పట్టింది, పాసే."

"అయితే సగం పాటలు మిగిలినాయా?"

శివరాజ్ ఆఫీసు బస్సుకు టైమైందని లేచాడు. ఆ రోజు ఆఫీసుకు సెలవు.

తిప్పేస్వామి జేబు తడుముకున్నాడు. అప్పటికప్పుడు పెన్‌డ్రైవ్‌లోని పాటలన్నీ అచ్చువేసి, పెళ్లిపత్రిక అట్టలే పైన పెట్టి రెండు పుస్తకాలు కుట్టాడు. ఒకటి షాపులో ఉంచి, ఇంకొకటి తీసుకొని తారానగర్ బస్సెక్కాడు.

దురుగమ్మవ్వ అరుగు మీదే ఉంది. "ఏమప్పా, పాటలు రాసుకొనేటప్పుడు బుక్కు ఇస్తానంటివి. అడిగినప్పుడల్లా కంప్యూటర్లో భద్రంగా ఉండాదంటివి. అప్పటికింకా పుట్టని నా మనవరాలి బిడ్డ గూడా ఇప్పుడు నడుస్తాండాది."

"తెచ్చినా కదవ్వా."

ఆమె దాన్ని అందుకొని కళ్లకద్దుకొని, అట్ట మీది వినాయకుణ్ణి చూసింది. "ఎవరి పెండ్లప్పా?"

"నీ పాటలవ్వా ఇవి."

"అట్లనా. బాకీ తీరెలే," అని ఆమె పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకొని కొంగు కప్పింది.